చలికి కళ్ళెం

మే నెలలో నానక్‌రామ్‌గూడలో రాత్రి పదకొండు దాటినా గుట్టల మీది బండరాళ్లు పగటి ఎండను వదలవు. అలాంటి ఒక రాత్రి, మా ఫ్లాటులో వంటింటి వెనక బట్టలుతికే చోట, ఐస్‌క్రీమ్ దుకాణంలో వాడి వదిలేసిన పాత డీప్ ఫ్రీజర్‌ను తెచ్చి పెట్టాను. పెట్టెలా పైకి మూత తెరుచుకునే రకం. అందులో 19 లీటర్ల స్టీలు కెగ్గులు రెండు, పక్కన చిన్న గ్యాస్ సిలిండరు సరిగ్గా పట్టాయి. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు ఇలాంటి పెట్టెను కీజర్ అంటారు. ఇంట్లో బీరు చేయడానికి మన ఎక్సైజ్ చట్టం ఒప్పుకోదు కాబట్టి నా కెగ్గుల్లో ఉన్నది అల్లం సోడా. పెట్టె మాత్రం బీరు వాళ్లదే, చిక్కూ వాళ్లదే.

కొన్ని రోజులకు కుళాయి తిప్పితే చుక్క రాలేదు. కెగ్గును ఊపి చూశాను. లోపల కదలిక లేదు, గుండ్రాయిని పట్టుకున్నట్టుంది. 38 లీటర్ల అల్లం సోడా గడ్డకట్టింది.

చూడటానికి వచ్చిన ఫ్రిజ్ మెకానిక్ మూత ఎత్తి, లోపలి గోడల మీద మంచును వేలితో గీకి, "దీనికి చల్లగ జేసుడు తెలుసు సార్, మీకు కావాల్సిన కాడ ఆగుడు తెల్వదు" అన్నాడు. డీప్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండటానికి పుట్టిన యంత్రం. దాని మరను అన్నిటికంటే చిన్న అంకె మీద పెట్టినా సున్నాకు బాగా దిగువకే పోతుంది. సోడాకైనా బీరుకైనా 3, 4 డిగ్రీలు కావాలి. వేడెక్కితే గ్యాసు పానీయంలో నిలవదు, గ్లాసు నిండా నురగే వస్తుంది. మరీ చల్లబడితే గడ్డ కడుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న సందు చాలా సన్నం.

తర్వాతి వారం ఆ సందును నేనే కాపలా కాశాను. రాత్రి రెండింటికి లేచి ప్లగ్గు పీకడం, ఐదింటికి లేచి మళ్లీ పెట్టడం. మూడో రోజుకు కళ్లు మండాయి. నాలుగో రోజు నిద్రపట్టేసింది, సోడా మళ్లీ గడ్డకట్టింది. నాలాగే చలికి కాపలా కాస్తూ నిద్ర చాలక అలసిపోయిన వాళ్లు లోకంలో ఎంతమంది ఉండి ఉంటారని అప్పుడు వెతకడం మొదలుపెట్టాను. దొరికిన కథ నేను అనుకున్నదానికంటే చాలా పెద్దది.

పులిసే దేనికైనా వేడితో పేచీ ఉంటుంది. ఈ సంగతి మన గౌడన్నలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. సున్నం పూసిన లొట్టిని తెల్లవారకముందే చెట్టు మీంచి దింపితే అది తియ్యటి నీరా. ఎండెక్కనిస్తే అదే కల్లు, ఇంకా ఉంచితే పుల్లబడుతుంది. 2023 మే నెలలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరిచినప్పుడు అసలు పరీక్ష గీతలో రాలేదు, చెట్టు దగ్గర్నించి గ్లాసు దాకా దారి పొడుగునా చలి తప్పకుండా చూడటంలో వచ్చింది. కంటికి కనబడని ఈస్టుకు వెచ్చదనం దొరికితే పరుగందుకుంటుంది. ఆ పరుగులో దానితోపాటు పుల్లబరిచే సూక్ష్మజీవులూ లేస్తాయి.

జర్మనీలోని బవేరియాలో బీరు చేసేవాళ్లకు ఈస్టు సంగతి తెలియదు, ఎండ సంగతి తెలుసు. వేసవిలో చేసిన బీరు పాడైపోతోందని 1553లో అక్కడి ప్రభువు ఐదో ఆల్‌బ్రెఖ్ట్ ఏకంగా ఆజ్ఞ వేశాడు: ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా ఎవరూ బీరు చేయకూడదు. ఏటా ఐదు నెలలు బట్టీలకు తాళం. చలికాలంలో చేసిన బీరును నేలమాళిగల్లో, చెరువుల మీంచి కోసుకొచ్చిన మంచుగడ్డల మధ్య దాచుకునేవారు. చలిలో నెమ్మదిగా పులిసిన ఆ బీరు తేటగా, మృదువుగా తయారైంది. ఇప్పుడు ప్రపంచమంతా తాగే లాగర్ అక్కడి మాళిగల్లోనే రూపు దిద్దుకుంది.

1845లో డెన్మార్క్ నుంచి జె. సి. యాకబ్సన్ అనే బీరు తయారీదారు ఆ లాగర్ ఈస్టు కోసం మ్యూనిక్ వెళ్లాడు. స్పాటెన్ బ్రూవరీ యజమాని గాబ్రియెల్ జెడ్‌ల్‌మయర్ దగ్గర ఈస్టు పుచ్చుకుని గుర్రపు బండిలో కోపెన్‌హాగెన్ దారి పట్టాడు. రోజుల తరబడి ప్రయాణం. ఈస్టు వేడెక్కితే చచ్చిపోతుంది. అందుకని బండి ఆగిన ప్రతి మజిలీలో దిగి పాత్ర మీద చన్నీళ్లు పోసేవాడట. ఎండ తగలకుండా ఆ పాత్రను తన పొడవాటి టోపీ కింద పెట్టుకున్నాడని కూడా చెబుతారు. ఆ దారంతా అతను పడ్డ పాటును నా నాలుగు రాత్రులతో పోల్చుకుంటే సిగ్గేసింది. ఆయన స్థాపించిన కార్ల్స్‌బర్గ్ బ్రూవరీకి ఆ ఈస్టే ఊపిరి అయింది.

చలిని కాపాడాలంటే ముందు ఎంత చలి ఉందో తెలియాలి. దానికీ పోరాటమే జరిగింది. ఇంగ్లాండులో 18వ శతాబ్దం దాకా బీరు చేసేవాళ్లు నీళ్ల వేడిని చూపుతోనే అంచనా కట్టేవారు. ఆవిరి కాస్త విడి, నీళ్లలో తమ ముఖం కనబడగానే వేడి సరిపోయిందని లెక్క. ఆల్టన్ ఊళ్లో జేమ్స్ బావర్‌స్టాక్ అనే యువకుడు థర్మామీటరు కొనుక్కుని తండ్రికి తెలియకుండా దాచి వాడాల్సి వచ్చింది. తాతల నాటి పద్ధతిలో గాజుగొట్టానికి చోటేమిటని తండ్రి పట్టు. అదే వృత్తి నుంచి తర్వాతి శతాబ్దంలో జేమ్స్ ప్రెస్కాట్ జూల్ వచ్చాడు. 1818లో సాల్ఫర్డ్‌లో బీరు వ్యాపారి ఇంట పుట్టిన ఆ మనిషి, డిగ్రీలో అతి చిన్న భాగాన్ని కూడా పసిగట్టే థర్మామీటర్లు చేయించుకుని, వేడి కూడా శక్తి రూపమేనని కొలతలతో నిరూపించాడు. అంత చిన్న తేడాలు కొలవగలవని పండితులు మొదట నమ్మలేదు. బ్రూవరీలో డిగ్రీ తేడాకు ఎంత నష్టమో చూస్తూ పెరిగిన జూల్‌కు అది నమ్మశక్యం కాని సంగతేమీ కాదు.

ఇక చలి ఎక్కడి నుంచి తేవాలి? మన దేశంలో ఇంగ్లీషు వాళ్లకు తోచిన మొదటి ఉపాయం కొండెక్కడం. ఎడ్వర్డ్ డయ్యర్ హిమాలయాల అంచున కసౌలీలో బ్రూవరీ పెట్టాడు. రెండో ఉపాయం చలినే ఓడెక్కించడం. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ అక్కడి చెరువుల మీద మంచును పలకలుగా కోయించి, రంపపు పొట్టులో పొదిగి, 1833లో టస్కనీ అనే ఓడలో 180 టన్నులు కలకత్తాకు పంపాడు. నాలుగు నెలలు సముద్రం మీద నడిచి వచ్చినా దాదాపు 100 టన్నులు మిగిలింది. మద్రాసులో మెరీనా ఒడ్డున 1842లో ఆయన కంపెనీకి కట్టించిన గుండ్రటి ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది. తర్వాత వివేకానందుడు బస చేయడంతో ఆయన పేరే దానికి స్థిరపడింది. ఐస్ హౌస్ కట్టేనాటికి కోస్తా, రాయలసీమ తెలుగువాళ్లకు మద్రాసే రాజధాని. మసాచుసెట్స్ చెరువు నీళ్లు ఆ నగరంలో గ్లాసుల్లో కరిగాయి.

అయితే మోసుకొచ్చిన చలి అయిపోతుంది. చలిని పుట్టించాలి. దాని కీలకం మన రంజన్‌లోనే ఉంది. కుండ చెమర్చి ఆ చెమ్మ ఆవిరైపోతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. నీళ్లకంటే తొందరగా ఆవిరయ్యే ద్రవమైతే ఇంకా ఎక్కువ వేడిని లాగేస్తుంది. ఆస్ట్రేలియాలోని గీలాంగ్‌లో పత్రిక నడిపే జేమ్స్ హారిసన్‌కు ఇది అచ్చుయంత్రం దగ్గర తట్టింది. అచ్చు అక్షరాలను ఈథర్‌తో తుడిస్తే లోహం చల్లబడుతోంది! ఆ ఈథర్‌ను ఆవిరి చేసి, పట్టి, నొక్కి, మళ్లీ ద్రవంగా మార్చి తిప్పితే? 1850లలో బార్వన్ నది ఒడ్డున మంచు చేసే యంత్రం కట్టి పేటెంటు పుచ్చుకున్నాడు. బెండిగోలో ఒక బ్రూవరీకి కూడా చలియంత్రం చేసిచ్చాడు. 1873లో చల్లబరిచిన మాంసాన్ని నార్ఫోక్ అనే ఓడలో లండన్ పంపాడు. దారిలో చలి నిలవలేదు, మాంసం కుళ్లింది, ఆయన ఆస్తి కరిగిపోయింది. చలి పుట్టించడం వేరు, పుట్టిన చలిని నిలిపి ఉంచడం వేరు అని ఆ ఓడ చెప్పిన పాఠానికి మూల్యం ఆయనే చెల్లించాడు. ఈ కథలో నాకు బాగా దగ్గరైన మనిషి ఆయనే.

సరిగ్గా అదే 1873లో మ్యూనిక్‌లో ఇంకో ప్రయత్నం నడుస్తోంది. కార్ల్ ఫాన్ లిండె అక్కడి పాలిటెక్నిక్‌లో యంత్రశాస్త్రం చెప్పే యువ ఆచార్యుడు. బీరు ఆయన దృష్టిలోనే లేదు. పారాఫిన్ మైనాన్ని చలితో విడదీసే యంత్రానికి బహుమతి ఇస్తామన్న ప్రకటన ఒకటి కంటపడి, చలియంత్రాల లెక్కలు వేయడం మొదలుపెట్టాడు. అప్పటికి ఉన్న యంత్రాలు ఎంత శక్తిని వృథా చేస్తున్నాయో చూసి ఆశ్చర్యపోయి 1870, 71లలో వ్యాసాలు రాశాడు. వాటిని చదివినవాళ్లలో బ్రూవరీల వాళ్లున్నారు. ఏడాది పొడుగునా ఒకే చలి ఇచ్చే యంత్రం కావాలని వచ్చారు. ప్రయోగానికి చోటిచ్చింది ఎవరో కాదు, యాకబ్సన్‌కు ఈస్టు ఇచ్చిన స్పాటెన్ జెడ్‌ల్‌మయరే.

మొదటి యంత్రం మిథైల్ ఈథర్‌తో నడిచింది, కారింది. కారకుండా పాదరసంతో మూత వేయబోతే అదీ కుదురుగా నిలవలేదు. నిప్పంటుకునే ఆవిరి గదిలోకి వస్తుంటే పక్కన నిలబడటమే సాహసం. కాగితం మీద తప్పులేని లెక్క ఇనుములోకి దిగేసరికి ఒక్కో అతుకు దగ్గరా ఓడిపోతోంది. లిండె వదల్లేదు. ఈథర్‌ను వదిలి అమ్మోనియా పట్టుకున్నాడు, యంత్రం గీతలు మళ్లీ మొదటి నుంచి గీశాడు. ఆ కొత్త యంత్రం ట్రియెస్ట్ నగరంలోని డ్రెయర్ బ్రూవరీకి వెళ్లి 1908 దాకా, అంటే ముప్పై ఏళ్లకు పైగా పనిచేసింది. 1879లో ఆయన ఆచార్య పదవి వదిలి కంపెనీ పెట్టాడు. ఆల్‌బ్రెఖ్ట్ ఆజ్ఞ వెనకున్న వేసవి భయం ఆ యంత్రాలతో తీరిపోయింది.

చలి చేతికొచ్చింది. మరి నా మెకానిక్ అన్న ఆగుడు?

ఆ కథ వేరే చోట, చలితో కాక నిప్పుతో మొదలైంది. హాలండ్‌లో పుట్టి ఇంగ్లాండు చేరిన కోర్నెలిస్ డ్రెబెల్ 1620ల నాటికి ఒక పొయ్యి చేశాడు. పొయ్యి లోపల గాజుగొట్టంలో సారాయి, దాని వెనక పాదరసం. వేడెక్కితే సారాయి ఉబ్బి పాదరసాన్ని నెడుతుంది, పాదరసం ఒక కడ్డీని లేపుతుంది, కడ్డీ గాలి వచ్చే దారిని మూస్తుంది. గాలి తగ్గి నిప్పు మందగిస్తే కడ్డీ దిగి దారి తెరుచుకుంటుంది. ఇదే ఉపాయంతో కోడిగుడ్లను పొదిగించే పెట్టె కూడా చేశాడు. పొయ్యి తన వేడిని తానే చూసుకుని తానే సర్దుకుంటోంది. పక్కన మనిషి అక్కర్లేదు! థేమ్స్ నదిలో జలాంతర్గామి కూడా నడిపించిన ఆ మేధావి చివరి రోజుల్లో లండన్ దగ్గర బీరు అమ్మే చిన్న దుకాణం నడుపుకుని 1633లో కన్నుమూశాడు. తన ఉపాయం ఎప్పటికైనా బీరునే కాపాడుతుందని ఆయనకెలా తెలుస్తుంది?

తర్వాత ఆ పని రెండు లోహాలు అందుకున్నాయి. ఇత్తడి, ఉక్కు పట్టీలను ఒకదానికొకటి అతికిస్తే, వేడికి ఒకటి ఎక్కువ సాగి జత మొత్తం వంగుతుంది, ఎండకు తాటాకు ముడుచుకున్నట్టు. ఓడ గడియారాల కోసం జాన్ హారిసన్ 18వ శతాబ్దంలో వాడిన ఈ ఉపాయాన్ని 1830లో స్కాట్లాండ్ రసాయనవేత్త ఆండ్రూ యూర్ వేడిని అదుపు చేయడానికి పేటెంటు చేసి, థర్మోస్టాట్ అని పేరు పెట్టాడు. పేరు నిలిచింది గాని అది గదుల్లోకి రావడానికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది.

దాన్ని తెచ్చింది ఒక బడిపంతులు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ పాఠాలు చెప్పేవాడు. చలికాలంలో బడి కాపలాదారు మాటిమాటికీ తరగతిలోకి వచ్చి థర్మామీటరు చూసి, మెట్లు దిగి, నేలమాళిగలో పొయ్యి గాలిమూత సర్ది వెళ్లేవాడు. పాఠం ఆగేది, గది అయితే ఉడికేది, లేకపోతే వణికేది. విసిగిపోయిన జాన్సన్ గదిలో లోహపు పట్టీ బిగించి తీగలు లాగాడు. పట్టీ వంగి తీగను తాకితే కింద గంట మోగుతుంది. 1883లో దానికి పేటెంటు వచ్చింది. ఆ కాపలాదారు పైకీ కిందికీ తిరగడం తప్పింది. రెండేళ్లకు జాన్సన్ కంపెనీ పెట్టాడు, బీరుకు పేరుపడ్డ మిల్వాకీ నగరంలో. జాన్సన్ కంట్రోల్స్ అనే ఆ కంపెనీ తెచ్చిన ఏ419 అనే చిన్న నియంత్రకాన్ని అమెరికాలో కీజర్లు చేసుకునేవాళ్లు ఎంతోమంది వాడారు.

అదే 1885లో మినియాపోలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ గది చల్లబడగానే పొయ్యి గాలిమూతను తెరిచే మోటారు చేశాడు. ఆయన మొదలుపెట్టిన వ్యాపారం చేతులు మారి, 1927లో మార్క్ హనీవెల్ కంపెనీతో కలిసింది. ఆ హనీవెల్‌కు మా నానక్‌రామ్‌గూడ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కార్యాలయం ఉంది. ఆ గాజు భవనాల ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాను. నా ఫ్రీజర్ ప్రశ్నకు జవాబు చెప్పిన వంశం అక్కడ కాపురముందని ఎన్నడూ తోచలేదు.

కీజర్ పుట్టడానికి ఇంకో రెండు కాకతాళీయాలు కలిశాయి. 1978 అక్టోబర్‌లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడంపై కేంద్రం నిషేధం తొలగింది. తర్వాత కూల్‌డ్రింకుల కంపెనీలు స్టీలు కెగ్గులు మానేసి అట్టపెట్టెల్లోని సంచుల్లోకి మారడంతో వేలాది కెగ్గులు చవగ్గా బయటపడ్డాయి. కెగ్గులు దొరికాక వాటికి ఒక చల్లటి గూడు కావాలి. పైకి తెరుచుకునే ఫ్రీజర్‌లో మూత తీసినా బరువైన చల్లగాలి కిందికి ఒలికిపోదు. దానికి లేనిదల్లా ఆగడం. గోడకూ ప్లగ్గుకూ మధ్య థర్మోస్టాట్ పెడితే అదీ వస్తుంది.

ఇదంతా చదివి కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి నేనూ ఒక డిజిటల్ కంట్రోలర్ కొన్నాను. దాని సెన్సరు బియ్యపు గింజంత థర్మిస్టర్. వేడెక్కే కొద్దీ దానిలో విద్యుత్తుకు అడ్డు తగ్గుతుంది. ఇలాంటి వింతను సిల్వర్ సల్ఫైడ్‌లో శాస్త్రవేత్త ఫారడే 1833లోనే, మంచు ఓడ కలకత్తా చేరిన ఏడాదే, గమనించాడు. 4 డిగ్రీలు పెట్టి నిశ్చింతగా పడుకున్నాను. అరగంటకే లేచాను. టక్కుమని ఆన్, టక్కుమని ఆఫ్. సెన్సరు గాలిలో వేలాడుతోంది. గాలి నిమిషాల్లో చల్లబడి నిమిషాల్లో వేడెక్కుతుంది, 19 లీటర్ల ద్రవానికి గంటలు కావాలి. కంప్రెసర్ ఆగిన వెంటనే మళ్లీ మొదలుపెడితే లోపలి ఒత్తిడి సర్దుకోక మోటారు గింజుకుంటుంది కూడా. అడుగున పెట్టి చూశాను, అక్కడ చలి గూడుకట్టి కంట్రోలర్‌ను మోసం చేసింది. కింద 2 డిగ్రీలుంటే పైన కుళాయి గొట్టాల దగ్గర 10 ఉండేది, మొదటి గ్లాసంతా నురగే.

చివరికి సెన్సరును కెగ్గు నడుముకు ఆనించి, పైన థర్మోకోల్ ముక్క కప్పి టేపు చుట్టాను. అప్పుడది గాలిని వదిలి సోడాను చూడటం మొదలుపెట్టింది. 4 దగ్గర ఆగు, 5 దాటితే మొదలుపెట్టు, ఆగాక ఐదు నిమిషాలు కదలకు అని చెప్పాను. పాత కంప్యూటర్ ఫ్యాను ఒకటి అడుగున పెట్టి గాలిని పైకి తోలాను. మన దగ్గర 2015లో నిబంధనలు వచ్చాక వెలసిన మైక్రోబ్రూవరీల్లో రెండు గోడల స్టీలు ట్యాంకుల మధ్య చల్లటి గ్లైకాల్ నీళ్లు తిప్పి, ఒక్కో ట్యాంకుకు ఒక్కో సెన్సరుతో చేసేదీ ఇదే పని, పెద్ద ఎత్తున. వానలు మొదలయ్యాక మూత అంచున చెమ్మ చేరి నీళ్లు నిలుస్తున్నాయి. సిలికా జెల్ గింజల పొట్లాలు పెట్టి, ఆదివారం ఆదివారం వాటిని మూకుడులో వేడి చేసి ఆరబెడుతున్నాను.

మొన్న జూన్‌లో ఒక రాత్రి గాలివానకు మా వీధంతా కరెంటు పోయిందట. పొద్దున లిఫ్టులో ఎదురింటి పెద్దాయన, "మూడు గంటలు నిద్రలేదు బాబూ, మీకూ అంతేనా?" అని అడిగితే తెలిసింది. పైకొచ్చి చూశాను. కంట్రోలర్ మీద 4.6.